మస్తిష్కమూ అంతఃకరణమూ: సాధకుని సందేహం

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుడు శ్వేతకేతువు చేత ఒక పరీక్ష చేయిస్తాడు. పదిహేను దినాలు అన్నం మానివేయమంటాడు; నీరు మాత్రం కోరినంత త్రాగవచ్చునంటాడు. పదహారవ నాడు వచ్చి కూర్చున్న కుమారుణ్ణి ఋగ్యజుస్సామాలు వల్లించమని ఆజ్ఞాపిస్తాడు. పన్నెండేళ్లు గురుకులంలో అధ్యయనం చేసి, ఆ విద్యాగర్వంతోనే ఇల్లు చేరిన ఆ యువకునికి ఒక్క మంత్రమైనా స్ఫురించదు. భుజించి రమ్మంటాడు తండ్రి. భుజించి వచ్చిన పిమ్మట అడిగినవన్నీ అప్పగిస్తాడు. మనస్సు అన్నమయమన్న తండ్రి మాట అతనికి అప్పుడు బోధపడుతుంది.

ఉపవాస మహిమను వర్ణించే ప్రవచనకర్తలు ఈ ఉపాఖ్యానం జోలికి అంతగా పోరు. శరీరశాస్త్రం మాత్రం దీనిని నిస్సంకోచంగా అంగీకరిస్తుంది. మానవ మస్తిష్కం బరువు సుమారు 1.4 కిలోలు, అనగా శరీరభారంలో రెండు శాతం. విశ్రాంతిలో ఉన్నప్పుడు సైతం శరీరం వ్యయం చేసే శక్తిలో దాదాపు 20 శాతాన్ని అదొక్కటే ఆరగిస్తుంది. దాని ప్రధానమైన ఆహారం గ్లూకోజు. విశాఖపట్నం జిల్లా చోడవరం, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఊరు, చెరకు పండే సీమ. గోవాడ చక్కెర కర్మాగారం దాని పొరుగున ఉన్నది. బెల్లానికి పేరుపడిన అనకాపల్లి ఎంతో దూరం కాదు. ఆలోచనకు ఇంధనం తీపియే అని చెబితే అక్కడివారికి అది వింతగా తోచదు.

వింతగా తోచేది వేరొకటి ఉన్నది. ఆ ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుని సన్నిధిలో నలభై ఏళ్లుగా ప్రతి ఉదయం జపం చేసుకొనే ఒక సాధకుడు ఉన్నాడనుకొందాం. భయానికి మెదడులో ఒక స్థానం, జ్ఞాపకానికి మరొకటి, నిగ్రహానికి ఇంకొకటి ఉన్నాయని, ఆ స్థానం దెబ్బతింటే ఆ గుణం మారిపోతుందని అతడు ఎక్కడనో చదువుతాడు. అతని హృదయంలో ఒక సందేహం మొలకెత్తుతుంది. తాను సంపాదించుకొన్న శాంతి ఎక్కడ ఉన్నది? గుప్పెడు కణజాలంలోనా? ఒక రక్తనాళం చిట్లితే ఆ శాంతి కూడా పోతుందా? ఈ సందేహాన్ని నాస్తికమని త్రోసిపుచ్చడం న్యాయం కాదు. శ్వేతకేతువు అనుభవించినది కూడా ఇదే కదా.

సిద్ధాంతరూపమైన సమాధానం వేదాంతాన్ని విన్న వారందరికీ తెలిసినదే. మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే నాలుగూ ఒకే అంతఃకరణం యొక్క వృత్తిభేదాలు. అంతఃకరణం సూక్ష్మభూతాల కార్యం; కనుక జడం. చైతన్యం ప్రతిఫలించడం చేత అది చేతనమైనట్లు భాసిస్తుంది, అంతే. చూడబడేది దృశ్యం, చూచేవాడు ద్రష్ట అనే వివేకంలో మనస్సు ద్రష్ట పక్షాన లేదు, అదీ దృశ్యమే. ఇక స్థూలసూక్ష్మాల సంబంధాన్ని గోళకం, ఇంద్రియం అనే విభాగం సుగమం చేస్తుంది. కంటిగుడ్డు గోళకం, చూచే శక్తి ఇంద్రియం. గోళకం చెడితే ఇంద్రియవ్యాపారం ఆగుతుంది. అంతమాత్రాన రెండూ ఒకటి కావు. మస్తిష్కభాగాలను అంతఃకరణానికి గోళకాలుగా భావిస్తే శాస్త్రానికీ వైద్యానికీ కలహం ఉండదు. శ్రుతి మనస్సుకు స్థానంగా హృదయాన్ని చెప్పినదే గాని శిరస్సును కాదన్న మాట వాస్తవం. ఆ భేదాన్ని మరుగుపరచవలసిన పని లేదు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. పీనియల్ గ్రంథియే ఆజ్ఞాచక్రమని, మెదడు కుడిభాగం శివుడని, ఎడమభాగం శక్తి అని సమీకరణాలు వ్రాసి సంతోషించే ధోరణి కొంతకాలంగా ప్రబలినది. పీనియల్ గ్రంథి రాత్రివేళ మెలటోనిన్ స్రవించి నిద్రాకాలాన్ని శరీరానికి తెలియజేసే అవయవం. ఆ పని ఘనమైనదే. దానికి చక్రగౌరవం కట్టబెట్టడం వలన యోగశాస్త్రానికి కొత్త ప్రతిష్ఠ రాదు. వైద్యశాస్త్రం ముందు పలుచన మాత్రం అవుతుంది.

సిద్ధాంతం బుద్ధిని తృప్తిపరచవచ్చును. సాధకుని గుండెలోని ప్రశ్న అంతటితో తీరదు. అతడు భయం పోవాలని, క్రోధం పోవాలని, చాంచల్యం పోవాలని ఏళ్ల తరబడి శ్రమిస్తున్నాడు. మెదడులో ఒక ముక్క పోయినందువలన భయం పోయినవారు, ఒక ముక్కను తొలగించినందువలన క్రోధం పోయినవారు లోకంలో నిజంగానే ఉన్నారు. అటువంటప్పుడు అతడు కోరుతున్న స్థితికీ వారి స్థితికీ భేదమేమిటి?

భగవద్గీత పదహారవ అధ్యాయం దైవీసంపదను లెక్కించేటప్పుడు మొట్టమొదట చెప్పిన గుణం అభయం. భయానికి సంబంధించిన ముఖ్యమైన మస్తిష్కభాగం అమిగ్డాలా. తలకు ఇరువైపులా, చెవుల దగ్గర లోతుగా, బాదంగింజ ఆకారంలో ఉంటుంది. ఆ గ్రీకు పేరుకు అర్థం కూడా బాదమే. చెరకుతోటలో నడిచేవాని కాలి ముందు వంకరగా ఏదో కనబడుతుంది. అది ఏమిటో స్పష్టంగా తెలియకముందే కాలు వెనక్కు వస్తుంది, గుండె దడదడలాడుతుంది. జోసెఫ్ లెడూ అనే శాస్త్రజ్ఞుడు 1990 దశకంలో దీనికి వివరణ ఇచ్చాడు. కన్నులు, చెవులు తెచ్చిన వార్త రెండు మార్గాలలో ప్రయాణిస్తుంది. ఒకటి సూటిగా, మోటుగా, అతివేగంగా అమిగ్డాలాకు చేరేది. రెండవది మెదడు పైపొర గుండా పోయి, వస్తువును గుర్తించి, నిదానంగా చేరేది. మొదటి మార్గం పాము అంటుంది. రెండవ మార్గం కొంత ఆలస్యంగా, అది త్రాడు అంటుంది.

రజ్జుసర్ప దృష్టాంతాన్ని వేయిసార్లు విన్నవారు ఇక్కడ క్షణకాలం ఆగి ఆలోచింపదగినది ఉన్నది. దీపం తెచ్చి చూచి త్రాడని నిశ్చయించుకొన్న తరువాత కూడా వణుకు వెంటనే పోదు, మెల్లమెల్లగా శమిస్తుందని విద్యారణ్యస్వామి పంచదశిలో స్పష్టంగా చెప్పారు. జ్ఞానం కలిగిన పిదప కూడా ప్రారబ్ధవశాన దేహవ్యాపారాలు కొనసాగడానికి ఆయన దానిని ఉపమానంగా గ్రహించారు. రక్తంలో చేరిన ఎడ్రినలిన్ కరిగేవరకు గుండె ఊరుకోదని వైద్యుడు చెప్పేది ఆ మాటకు విరుద్ధం కాదు. ఎవరో పెద్దగా తలుపు కొట్టినప్పుడు ఉలికిపడిన సాధకుడు, తన సాధన అంతా వ్యర్థమైనదని కుంగిపోతే, పంచదశిని సరిగా చదవలేదని అర్థం.

ఇప్పుడు అమిగ్డాలా అసలే లేని వ్యక్తిని చూద్దాం. అమెరికాలో ఎస్.ఎం. అనే అక్షరాలతో మాత్రమే శాస్త్రగ్రంథాలలో పేర్కొనబడే ఒక స్త్రీకి ఉర్బాక్-వీథె అనే అరుదైన వ్యాధి వలన రెండు అమిగ్డాలాలూ నశించాయి. ఇతరుల ముఖంలోని భయాన్ని ఆమె పోల్చుకోలేదని 1994లో ప్రకటించారు. తరువాత పరిశోధకులు ఆమెను పాములు అమ్మే అంగడికి తీసుకొనిపోయారు. పాములంటే తనకు అసహ్యమని ఎప్పుడూ చెప్పే ఆమె, అక్కడ పామును చేతిలోకి తీసుకొని కుతూహలంతో నిమురుతూ నిలుచున్నది. విషసర్పాలను కూడా తాకబోతే అంగడివారు వారించవలసి వచ్చినది. ఒకనాటి రాత్రి పార్కులో ఒకడు కత్తి మెడకు ఆనించి బెదిరించినా ఆమె పరుగెత్తలేదు. మరునాడు అదే పార్కు గుండా నడిచిపోయినది.

ఇది అభయమా? పైకి చూస్తే అంతకంటె ధీరత్వం ఉండదు. కాని ఆమె అపాయాన్ని జయించలేదు. అపాయం ఆమెకు కనబడలేదు. అందువలన జీవితంలో ఆమె మళ్ళీ మళ్ళీ అపాయాలలోనే చిక్కుకొన్నది. గీత చెప్పిన అభయం ఆత్మకు నాశం లేదని ఎరిగినవానిది. అతడు పామును పాముగానే చూస్తాడు, ప్రక్కకు తప్పుకొంటాడు, దారిలో వచ్చే పిల్లవానికి కూడా చెబుతాడు. అతని స్వస్థత మాత్రం చెదరదు. పైగా ఎస్.ఎం. కథలో 2013లో ఒక మలుపు వచ్చినది. కర్బన ద్వి ఆక్సైడు 35 శాతం కలిసిన గాలిని ఒక్కసారి పీల్పించగా, ఏనాడూ భయమెరుగని ఆ స్త్రీ తీవ్రమైన భయంతో విలవిలలాడినది. ఊపిరాడనప్పుడు లోపలినుండి పుట్టే భయానికి అమిగ్డాలా అవసరం లేదని అప్పుడు తెలిసినది. ప్రాణభయం పునాది ఇంకా లోతున ఉన్నదన్నమాట. అభినివేశాన్ని, అనగా మృత్యుభయాన్ని, పండితులను కూడా వదలని క్లేశంగా పతంజలి చెప్పిన కారణాన్ని ఆలోచించడానికి ఇది మంచి ఆధారం.

భయం సంగతి దూరదేశపు కథగా తోచవచ్చును. క్రోధం సంగతి దగ్గరిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు చోడవరం మదరాసు రాష్ట్రంలోని ఊరే. మదరాసు జనరల్ ఆసుపత్రి ఆ రాష్ట్ర ప్రజలందరి ఆసుపత్రి. అక్కడ 1950లో డాక్టర్ బి. రామమూర్తి నాడీశస్త్రచికిత్సా విభాగాన్ని ప్రారంభించారు. 1960, 70 దశకాలలో ఆయన, వి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్. కల్యాణరామన్, ఆసియాలో తొలి మహిళా నాడీశస్త్రవైద్యురాలిగా పేరొందిన టి.ఎస్. కనక కలిసి తలలోని సూక్ష్మస్థానాలను కొలతలతో గురిచూచి చేసే శస్త్రచికిత్సలలో ప్రపంచప్రసిద్ధులయ్యారు. వాటిలో ఒకటి అమిగ్డాలాను నిర్వీర్యం చేయడం. ఎంత మందు ఇచ్చినా అణగని ఉద్రేకంతో ఇతరులను కొట్టేవారు, తమను తాము గాయపరచుకొనేవారు, మూర్ఛవ్యాధితో పాటు హింసాప్రవృత్తి కలవారు, వారిలో పిల్లలు కూడా, వందల సంఖ్యలో ఈ చికిత్సను పొందారు. పుర్రెలో చిన్న రంధ్రం, సన్నని సూది, చిటికెడు కణజాలం, ఉద్రేకం తగ్గేది. దీనిని వారు శమింపజేసే శస్త్రచికిత్స అన్న అర్థంలో వ్యవహరించారు.

ఆ వైద్యులపై నేడు తీర్పు చెప్పడం సులభం. ఔషధాలు స్వల్పంగా ఉన్న కాలంలో, ఒక బిడ్డ ఉద్రేకంతో ఇంటిల్లిపాదీ నిద్రాహారాలు మాని వచ్చి మోకరిల్లినప్పుడు వారు చేయగలిగినది చేశారు. తమ అభిప్రాయాన్ని తానే చెప్పలేని బిడ్డ మెదడును శాశ్వతంగా మార్చే హక్కు ఎవరికి ఉన్నదన్న ప్రశ్న కూడా అంతే బలమైనది. 1970 దశకంలో ప్రపంచమంతటా ఆ ప్రశ్న రేగినది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి సమ్మతి, సంబంధిత మండలి అనుమతి రెండూ లేనిదే మనోవ్యాధికి మెదడుపై శస్త్రచికిత్స చేయరాదని శాసించినది. రామమూర్తి గారు కత్తి పట్టిన వైద్యులు మాత్రమే కారు. చైతన్యాన్ని గూర్చి, తురీయావస్థను గూర్చి వైద్యపత్రికలలో వ్యాసాలు వ్రాసినవారు. క్రోధం తాలూకు గోళకాన్ని చేతితో స్పృశించిన మనిషి, జీవితపు చివరి దశకాలలో అవస్థాత్రయానికి అతీతమైన దానిని అన్వేషించడం గమనింపదగినది.

సాధకునికి ఇక్కడ ఉపయోగించేది గీత ఐదవ అధ్యాయంలోని ఒక చిన్న పదం. కామక్రోధాల వలన పుట్టిన వేగాన్ని శరీరం విడువకముందే సహింపగలిగినవాడు యోగి అని భగవంతుని అభిప్రాయం. వేగం పుట్టనివాడని చెప్పలేదు. వేగం పుడుతుంది, దేహం ఉన్నంతకాలం పుడుతూనే ఉంటుంది. దానిని సహించడమే సాధన. శస్త్రచికిత్స వేగాన్నే తగ్గించినది. సహించేవానిని అది పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. వ్యాధిగ్రస్తునికి వేగం తగ్గడమే మహోపకారం. ఆరోగ్యవంతుడు దానితో తృప్తిపడితే అది ఆలస్యమే అవుతుంది. వేగం తక్కువగా పుట్టడం పలువురికి పుట్టుకతో వచ్చిన భాగ్యం. అటువంటి మెత్తని స్వభావం కలవారు తమను జితక్రోధులుగా తలచుకోవడం, క్షణక్షణం మండిపడే స్వభావంతో పుట్టి పళ్ల బిగువున మాటను ఆపుకొనేవానిని చులకనగా చూడడం, సత్సంగాలలో నిత్యం కనబడే అన్యాయం.

ఆ ఆపుకొనే శక్తికి కూడా గోళకం ఉన్నది. నుదుటి వెనుక ఉన్న లలాటఖండం పూర్వభాగం. కోరికను వెంటనే తీర్చుకోక రేపటిని తలచేది, నోటి చివరకు వచ్చిన మాటను మింగేది, కార్యాన్ని వరుసగా నడిపేది అదే. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంటులో రైలుమార్గం కోసం బండలు పేల్చుతుండగా, ఫినియస్ గేజ్ అనే 25 ఏళ్ల మేస్త్రీ ఎడమ చెంప క్రింద దూరిన ఇనుపకడ్డీ నడినెత్తిన బయటికి వచ్చినది. కడ్డీ పొడవు మీటరుకు మించినది, బరువు ఆరు కిలోలు. అతడు బ్రతికాడు. నడిచాడు, మాట్లాడాడు. చికిత్స చేసిన డాక్టర్ హార్లో వ్రాసినదాని ప్రకారం, మునుపు నిదానస్థుడైన మేస్త్రీ మొండివాడు, అసభ్యభాషి, నిలకడ లేనివాడు అయ్యాడు. స్నేహితులు అతనిని పాత గేజ్‌గా గుర్తించలేకపోయారు.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా కథను ఇక్కడ ముగిస్తాయి. ముగించకూడదు. గేజ్ తరువాత దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి పోయి, సుమారు ఏడేళ్లు ఆరు గుర్రాల ప్రయాణపు బండిని తోలాడు. వేళకు బయలుదేరడం, ప్రయాణికులతో మర్యాదగా మెలగడం, ఆరు జతల పగ్గాలను ఎడబాయక పట్టడం నిగ్రహం లేనివానికి సాధ్యమయ్యే పనులు కావు. దెబ్బతిన్న లలాటఖండంతోనే, ప్రతిరోజూ ఒకే క్రమంలో సాగే పనిని ఆలంబనగా చేసుకొని, అతడు కోల్పోయినదానిలో కొంత తిరిగి సంపాదించుకొన్నాడని చరిత్రకారులు కొందరు అభిప్రాయపడుతున్నారు. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, మనస్సును పగ్గంగా, బుద్ధిని సారథిగా వర్ణించినది. లోపలి సారథికి తీవ్రమైన గాయమైన మనిషి బయట సారథ్యం చేసి బ్రతికాడు. నియమానికి, నిత్యానుష్ఠానానికి ఎంత శక్తి ఉన్నదో తెలియడానికి గేజ్ జీవితంలోని ఆ రెండవ భాగమే ఎక్కువ ఉపయోగం.

అనుష్ఠానం మెదడులో ఏమి చేస్తుందన్నది తరువాతి ప్రశ్న. 1953లో అమెరికాలోనే హెన్రీ మొలైసన్ అనే యువకునికి మూర్ఛవ్యాధి నివారణ కోసం హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని రెండువైపులా చాలావరకు తొలగించారు. ఆనాటి నుండి 2008లో మరణించేవరకు అతనికి కొత్త సంగతి ఏదీ జ్ఞాపకం నిలువలేదు. గంట క్రితం మాట్లాడినవారు అతనికి అపరిచితులే. అతని జీవితమంతా వర్తమానమే. గతాన్ని తలచక, భవిష్యత్తును చింతించక వర్తమానంలో ఉండమని ఉపదేశించేవారు ఈ మనిషిని ఒకసారి స్మరించాలి. ఆ స్థితి ముక్తి కాదు. బంధానికి కూడా చోటులేని శూన్యం. కాని మొలైసన్ మరొకటి కూడా నేర్పాడు. అద్దంలో ప్రతిబింబాన్ని చూస్తూ నక్షత్రాకారాన్ని గీయమని బ్రెండా మిల్నర్ అనే మనస్తత్త్వవేత్త అతనికి అభ్యాసమిచ్చింది. ప్రతిరోజూ ఆ పని తనకు కొత్తదనే అతడు భావించాడు. చేయి మాత్రం మూడవనాటికి నేర్పు సాధించినది. అంటే తెలిసి గుర్తుంచుకొనే జ్ఞాపకం వేరు, చేతికి పట్టుబడే అభ్యాసం వేరు. రెండవదానికి ఆధారం మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా, వెనుక క్రిందివైపు ఉండే అనుమస్తిష్కం. ఈ బేసల్ గాంగ్లియా పనితీరుకు గణితరూపాలు నిర్మిస్తున్నవారిలో మదరాసు ఐఐటీ ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి ఒకరు. తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనలు చేసే వారిగా కూడా ఆయన పాఠకులకు పరిచితులు.

బెల్లం వండేవారి చేయి ఈ రెండవ జ్ఞాపకానికి నిదర్శనం. పొంగే పాకాన్ని చూచి, చల్లని నీటిలో ఒక చుక్క వేసి, వ్రేళ్ళతో ఉండకట్టి చూచి, ఇక దింపవలెనన్న నిర్ణయం క్షణంలో జరుగుతుంది. ఎలా తెలిసినదని అడిగితే చెప్పలేరు. విఘ్నేశ్వరుని ముందు గుంజీలు తీసే బాలునికి కుడిచేయి ఏ చెవిని పట్టాలో మొదటినాడు ఆలోచించవలసి వస్తుంది. నెల తిరిగేసరికి ఆలోచన తప్పుకొంటుంది, చేతులే పోయి చెవులను పట్టుకొంటాయి. అదే బాలునికి గుడిగంట వినగానే నోరూరడం ఇంకొక రకం శిక్షణ. వోల్‌ఫ్రాం షుల్ట్స్ కోతులపై చేసిన పరిశోధన 1990 దశకంలో దీనిని విశదం చేసినది. డోపమిన్ కణాలు మొదట పండ్లరసం దొరికినప్పుడు స్పందిస్తాయి. అభ్యాసం ముదిరిన తరువాత రసానికి కాక, అది రాబోతున్నదని తెలిపే గుర్తుకే స్పందిస్తాయి. ఆశించిన రసం అందకపోతే వాటి స్పందన మామూలు స్థాయి కంటె కూడా తగ్గిపోతుంది. విషయధ్యానం సంగానికి, సంగం కామానికి, కామం క్రోధానికి దారితీసే గీతాక్రమంలో, కామం క్రోధంగా మారే మలుపు ఎక్కడ ఉన్నదో ఈ చిన్న లోటు సూచిస్తున్నది.

వేదాధ్యయనపరులను గూర్చి కూడా ఒక పరిశోధన జరిగినది. జేమ్స్ హార్ట్‌జెల్ తదితరులు హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రంలో 21 మంది యజుర్వేద పండితుల మెదళ్లను, మరి 21 మంది సామాన్యుల మెదళ్లతో పోల్చిచూచి 2016లో ఫలితాలు ప్రకటించారు. మెదడు పైపొరలోని పలుభాగాలలోనూ, కుడి హిప్పోక్యాంపస్‌లోనూ పండితులకు ధూసరపదార్థం అధికంగా కనబడినది. దీనిని పట్టుకొని సంస్కృతం చదివితే మేధస్సు ఇబ్బడిముబ్బడి అవుతుందని చాటడం తొందరపాటు. అధ్యయనం వలన మెదడు పెరిగినదా, అటువంటి మెదడు కలవారే అధ్యయనంలో నిలిచారా అన్నది ఒక్కసారి తీసిన చిత్రంతో తేలదు. పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒకే మంత్రాన్ని ముందుకూ వెనుకకూ త్రిప్పి వేలసార్లు వల్లించే విద్య శరీరంపై ముద్ర వేయకుండా ఉండదన్న ఊహ మాత్రం సమంజసమే. మన అవధానవిద్య కూడా ఇట్టిదే. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రతిష్ఠించిన ఆ కళలో, పద్యపాదం ఒకవైపు నిర్మాణమవుతుండగా నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని కాదంటాడు, అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతాడు, గంట మ్రోగుతుంది. వచ్చిన మాటను ఆపడం, ఆగినదానిని నిలుపుకోవడం, చివర ధారణలో అంతా అప్పగించడం: లలాటఖండానికి, హిప్పోక్యాంపస్‌కు ఇంతకంటె కఠినమైన వ్యాయామం ఊహించడం కష్టం.

కాని అభ్యాసానికి ఒక ద్వంద్వస్వభావం ఉన్నది. నోటికి వచ్చిన నామం బేసల్ గాంగ్లియా వశమైన పిమ్మట, మనస్సు అంగడిలో తిరుగుతున్నా పెదవులు జపిస్తూనే ఉంటాయి. మాల తిరుగుతుంది, సంఖ్య పూర్తవుతుంది. అర్థభావనతో జపించమని పతంజలి ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఇదే కావచ్చును. యాంత్రికమైన జపం నిష్ఫలమని పెద్దలు మందలిస్తారు. ఆ మందలింపు మధ్యవయస్కులకు తగినది. వృద్ధాప్యంలో అదే యాంత్రికత మరొక రూపం దాల్చుతుంది.

అల్జీమర్స్ వ్యాధి సాధారణంగా హిప్పోక్యాంపస్ పరిసరాలలో మొదలవుతుంది. నిన్నటి సంగతులు పోతాయి, తరువాత పేర్లు, తరువాత ముఖాలు. చేతికి నోటికి పట్టుబడిన అభ్యాసాలు, రాగంతో కూడిన జ్ఞాపకాలు చాలాకాలం మిగులుతాయి. రాగజ్ఞాపకానికి ఆధారమైన భాగాలు ఈ వ్యాధిలో ఆలస్యంగా దెబ్బతింటాయని జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు 2015లో చూపారు. అందువలననే కన్నకొడుకును ఎవరు బాబూ నీవని అడిగే తల్లి, లలితా సహస్రనామాన్ని ఎత్తిచ్చినంతనే తడబడకుండా అందుకోవడం ఎన్నో ఇళ్లలో కనబడుతున్నది. ఇంటివారికి అది ఒక ఊరట, ఒక బాధ. ఈ నామం భక్తియా, కేవలం అలవాటా? ఏమి పలుకుతున్నదో ఆమెకు తెలుసునా? అంత్యకాలంలో దేనిని స్మరిస్తే దానినే పొందుతారని గీత ఎనిమిదవ అధ్యాయం చెబుతున్నది కదా. స్మృతియే పోయిన ఈమె గతి ఏమిటి?

ఈ భయం కొత్తది కాదు. కంచర్ల గోపన్న దాశరథీ శతకంలో ముసలితనాన యమదూతలు ముంగిట నిలిచి, రోగం ముదిరి, కఫం గొంతును అడ్డుకొన్నవేళ నిన్ను తలుస్తానో లేదో, కనుక ఇప్పుడే నీ భజన చేసుకొంటానని రాముని ముందు విన్నవించుకొన్నాడు. దేహం స్మృతికి అడ్డుపడుతుందని ఆ భక్తునికి స్పష్టంగా తెలుసు. వరాహచరమ శ్లోకంగా వైష్ణవులు నిత్యం అనుసంధించే వాక్యం ఇంకా ముందుకు పోతుంది. మనస్సు స్వస్థంగా, శరీరం దృఢంగా ఉన్నప్పుడు తనను తలచినవాడు, చివరకు కట్టెవలె, రాతివలె పడి ఉన్నవేళ, అతనిని తాను స్మరిస్తానని అక్కడ భగవానుడు భూదేవికి మాట ఇస్తాడు. స్మరించే బాధ్యత చేతులు మారినది. రోగి మెదడులో ఏ భాగం మిగిలినదన్న లెక్క ఆ మాటలో లేదు.

అందుచేత ఆ తల్లి జపం భక్తియా అలవాటా అని ఇంటివారు పరీక్షించనక్కరలేదు. ముఖం గుర్తుపట్టలేదని నొచ్చుకొని, తానెవరో చెప్పమని పదేపదే నిలదీయడం రోగికి హింస. ఆ ప్రశ్నకు సమాధానమిచ్చే భాగమే ఆమెలో క్షీణించినది. కోపం కొత్తగా వచ్చి ఉంటే అది ఆమె గుణదోషం కాదు. వైద్యునికి చూపవలసిన లక్షణం. ప్రొద్దు క్రుంకే వేళ కలవరం పెరగడం ఈ వ్యాధిలో సామాన్యం. ఆ వేళకు ఇంట్లో వెలుతురు ఉంచి, దేవుని దీపం పెట్టి, ఆమె పదేళ్ల ప్రాయంలో నేర్చిన కీర్తన ఏదో తెలుసుకొని, ప్రక్కన కూర్చుని మెల్లగా పల్లవి ఎత్తుకోవచ్చును. తొందరపెట్టకపోతే రెండవ ఆవృత్తికి ఆమె గొంతు కలుస్తుంది. పాడుతున్నది కొడుకో, కోడలో, పొరుగింటి పిల్లయో ఆమెకు తెలియకపోవచ్చు. తొడ మీద చేయి తాళం వేస్తూ ఉంటుంది.